హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు విమాన దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్క కట్టుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరమని అడిగితే ఒకచోట 14,400 కిలోమీటర్లని, మరోచోట 15,500 కిలోమీటర్లని సమాధానం వస్తుంది. ఎన్ని గంటల ప్రయాణమని అడిగితే పదిహేడు అనేవారూ ఉన్నారు, ఇరవై మూడు అనేవారూ ఉన్నారు, ముప్ఫై దాటుతుందనేవారూ ఉన్నారు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటి వేరొక ప్రశ్నకు సమాధానం, అంతే. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వారిని చూడడానికి ఏటా ఎందరో తల్లిదండ్రులు, చాలామంది జీవితంలో తొలిసారిగా, ఈ సుదీర్ఘ ప్రయాణం చేస్తున్నారు. టికెట్ కొనే ముందే ఈ లెక్కలు చేతికి వస్తే ఏ మార్గం ఎంచుకోవాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలో వారే నిర్ణయించుకోగలరు. ఇక్కడ చెప్పే పద్ధతి ప్రపంచంలో ఏ రెండు నగరాల మధ్యనైనా పనిచేస్తుంది. ఉదాహరణకు మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఈ రెండు నగరాలనే తీసుకుంటున్నాను.

ముందుగా గోడమీది పటాన్ని పక్కన పెట్టండి

మొదట చేయవలసిన పని, బడిలో చూసిన చదునైన ప్రపంచ పటాన్ని మనసులోంచి తీసివేయడం. ఆ పటంలో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే, అది అరేబియా సముద్రం, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పడమరకు సాగుతుంది. అదే దగ్గరి దారి అనిపిస్తుంది. కానీ దిక్కులు మారకుండా భూమిని చదునుగా చూపే మెర్కేటర్ పద్ధతిలో వేసిన పటం మీద గీసిన ఆ గీత వెంబడి నిజంగా ప్రయాణిస్తే దాదాపు 17,700 కిలోమీటర్లు అవుతుంది, అంటే అసలైన దగ్గరి దారికన్నా మూడు వేల కిలోమీటర్లకు పైగా ఎక్కువ.

గుండ్రని భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఎప్పుడూ ఒక మహావృత్తం మీద ఉంటుంది. భూమి కేంద్రం గుండా వెళ్లేలా కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తమే మహావృత్తం. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే దానిని కళ్లారా చూడవచ్చు. ఒక దారం తీసుకుని ఒక కొసను హైదరాబాద్ మీద, మరో కొసను డల్లాస్ మీద ఉంచి బిగువుగా లాగండి. దారం పడమరకు పోదు. నేరుగా ఉత్తరానికి లేచి, కశ్మీర్, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్లి, అవతలి వైపు కెనడా మీదుగా కిందికి దిగి టెక్సస్ చేరుతుంది. గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లయితే దారం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు వస్తుంది. అంత గ్లోబు మీద ఒక సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం కాబట్టి గుణించి చూస్తే 14,400 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేస్తారు. ఏ సూత్రమూ తెలియకుండా ఇంత దగ్గరి సమాధానం రావడం చూస్తే పెద్దలకూ పిల్లలకూ సమానంగా ఆశ్చర్యం కలుగుతుంది. వీలైతే ఒకసారి తప్పకుండా చేసి చూడండి.

దూరాన్ని లెక్కకట్టడం

కచ్చితమైన లెక్క కావాలనుకునేవారికి రెండు విమానాశ్రయాల అక్షాంశాలు, రేఖాంశాలు కావాలి. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డల్లాస్ ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం 32.90 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97.04 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉంది. ఒకటి తూర్పు, మరొకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాలను కూడాలి. రెండూ ఒకే వైపు ఉంటే పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసివేయాలి. ఇక్కడ మొత్తం 175.47 డిగ్రీలు. ఒకవేళ ఈ మొత్తం 180 దాటితే దానిని 360 నుంచి తీసివేసి వాడుకోవాలి.

ఇప్పుడు ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ను డిగ్రీల పద్ధతిలో పెట్టుకోండి. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించి ఒకచోట రాసుకోండి. తరువాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్‌తో కలిపి గుణించి మరోచోట రాసుకోండి. ఆ రెండింటినీ కూడితే వచ్చేది మనకు కావలసిన కోణం కొసైన్. మన ఉదాహరణలో మొదటిది 0.2964 × 0.5431 = 0.1610. రెండవది 0.9551 × 0.8396 × (−0.9969) = −0.7994. మొత్తం −0.6384. కాలిక్యులేటర్‌లో దీని విలోమ కొసైన్ (cos⁻¹) నొక్కితే 129.7 డిగ్రీలు వస్తుంది. భూమి ఉపరితలం మీద ఒక్కో డిగ్రీకి సగటున 111.2 కిలోమీటర్లు కాబట్టి దూరం సుమారు 14,420 కిలోమీటర్లు. మైళ్లలో కావాలంటే 1.609తోనూ, విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో కావాలంటే 1.852తోనూ భాగించండి. వేర్వేరు చోట్ల కనిపించే అంకెలు పొసగకపోవడానికి చాలాసార్లు ఈ రెండు రకాల మైళ్ల తికమకే కారణం.

భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుని ఉంటుంది. అందువల్ల ఈ లెక్కలో అర శాతం వరకు తేడా రావచ్చు. ప్రయాణికుడి అవసరాలకు అది లెక్కలోనిది కాదు.

ఈ రెండు నగరాల విషయంలో సైన్, కొసైన్ అవసరం లేని ఒక చక్కని దగ్గరిదారి ఉంది. రేఖాంశాల తేడా 180కి చాలా దగ్గరగా ఉందంటే రెండు నగరాలూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయని, దగ్గరి దారి ధ్రువం పక్కగా పోతుందని అర్థం. అప్పుడు ఒక్కో నగరం ధ్రువం నుంచి ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చూసుకుని కూడితే చాలు. హైదరాబాద్‌కు 90 − 17.24 = 72.76, డల్లాస్‌కు 90 − 32.90 = 57.10, మొత్తం 129.86 డిగ్రీలు. అంటే 14,440 కిలోమీటర్లు. పూర్తి సూత్రంతో వచ్చినదానికీ దీనికీ తేడా ఇరవై కిలోమీటర్లే. అసలు దారి ఉత్తర ధ్రువానికి సుమారు 525 కిలోమీటర్ల పక్కగా వెళుతుంది కాబట్టే ఇది ఇంత బాగా కుదురుతుంది. హైదరాబాద్ నుంచి లండన్ వంటి ఊళ్లకు మాత్రం ఈ చిట్కాను వాడకండి, అక్కడ పూర్తి సూత్రమే కావాలి.

లెక్క సరిచూసుకోవడానికి గూగుల్ ఎర్త్‌లోని కొలిచే సాధనం గానీ, విమానాశ్రయాల కోడ్‌లతో దూరం చెప్పే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ గానీ ఉపయోగపడతాయి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ, డల్లాస్ ఫోర్ట్ వర్త్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. డల్లాస్‌లోనే లవ్ ఫీల్డ్ అనే మరో విమానాశ్రయం ఉంది. దాని కోడ్ డీఏఎల్. వెతికేటప్పుడు పొరపాటున దానిని ఎంచుకోకండి.

నేరుగా వెళ్లే విమానం లేనప్పుడు

14,420 కిలోమీటర్లు నేటి విమానాలకు అందని దూరమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే విమానం 15,300 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగురుతుంది. అయినా హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు. అంత పెద్ద విమానాన్ని రోజూ నింపగలిగే గిరాకీ ఉండాలి. దారిలో కారకోరం వంటి ఎత్తైన పర్వతాలున్నాయి. వాటి మీద ఏదైనా ఇబ్బంది వస్తే విమానం తక్కువ ఎత్తుకు దిగడానికి వీలుండదు. రష్యా గగనతలం 2022 ఫిబ్రవరి తరువాత అమెరికా, బ్రిటన్, ఐరోపా సమాఖ్య విమాన సంస్థలకు మూసుకుపోయింది. పాకిస్తాన్ తన గగనతలాన్ని 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మూసివేసింది. దానివల్ల ఢిల్లీ నుంచి అమెరికాకు నేరుగా వెళ్లవలసిన ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని చుట్టూ తిరిగి వెళ్లి, వియన్నా వంటి చోట్ల ఇంధనం కోసం ఆగవలసి వచ్చింది. పటంలో కనిపించే దగ్గరి దారికీ విమానం నిజంగా వెళ్లే దారికీ మధ్య ఉన్న దూరాన్ని చాలావరకు ఇలాంటి రాజకీయాలే నిర్ణయిస్తాయి.

కాబట్టి మీరు లెక్కించవలసింది రెండు ముక్కల దూరం. సాధారణంగా మనవాళ్లు వెళ్లే మూడు దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం. దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి డల్లాస్‌కు 12,920, మొత్తం 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా అయితే 2,910, ఆపై 12,740, మొత్తం 15,650. లండన్ హీత్రూ మీదుగా అయితే 7,750, ఆపై 7,640, మొత్తం 15,390. అన్నీ సుమారు అంకెలే.

ఈ మూడు మొత్తాలను మరోసారి చూడండి. అతి పొడవైన దారికీ అతి పొట్టి దారికీ మధ్య తేడా 260 కిలోమీటర్లు, అంటే విమానానికి ఇరవై నిమిషాలు కూడా కాదు. "లండన్ మీదుగా వెళితే చుట్టు తిరగాలి", "గల్ఫ్ మీదుగా వెళితే దగ్గర" అని జనం అనుకునే మాటలకు లెక్కలో ఆధారం లేదు. దూరాన్ని బట్టి దారిని ఎంచుకోవలసిన అవసరం ఇక్కడ ఏమాత్రం లేదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఎంచుకోవలసింది మధ్యలో ఆగే సమయాన్ని బట్టి.

దూరాన్ని గంటలుగా మార్చడం

సుదూర ప్రయాణాలకు వాడే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350, ఏ380 వంటి పెద్ద విమానాలు ధ్వని వేగంలో దాదాపు 85 శాతం వేగంతో వెళతాయి. అవి ఎగిరే ఎత్తులో, సున్నాకు యాభై డిగ్రీలకు పైగా కిందనుండే చలిలో, ధ్వని వేగం గంటకు 1,060 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లు. ఏ320, 737 వంటి చిన్న విమానాలకు 830 అనుకోండి. అయితే ఇది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. నేలతో పోల్చిన వేగం కావాలంటే గాలి ఎటు వీస్తోందో చూడాలి.

ఉత్తరార్ధ గోళంలో ఆ ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తూ ఉంటుంది. చలికాలంలో ఇది మరింత బలపడి ఉత్తర భారతం, గల్ఫ్ ప్రాంతాల మీద కూడా ఉధృతంగా సాగుతుంది. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనుక నుంచి తోసే గాలి. దాని బలం ఎంతో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటలలోపే, 4 గంటల 56 నిమిషాలలో చేరింది. మామూలుగా ఆ ప్రయాణానికి ఆరు గంటలకు పైనే పడుతుంది.

ఇవన్నీ కలుపుకుని ఇంట్లో వాడుకోదగిన ఒక సులువైన లెక్కను సూచిస్తాను. మహావృత్త దూరానికి నాలుగు శాతం కలపండి, ఎందుకంటే విమానం నియమిత వాయుమార్గాల వెంబడి, వాతావరణాన్ని, నిషిద్ధ ప్రాంతాలను తప్పించుకుంటూ వెళుతుంది. వచ్చినదానిని పడమర ప్రయాణానికి 850తో, తూర్పు ప్రయాణానికి 950తో భాగించండి. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి చివరగా అరగంట కలపండి.

దుబాయ్ నుంచి డల్లాస్‌కు దీనిని వేసి చూద్దాం. 12,920కి నాలుగు శాతం కలిపితే 13,440. దానిని 850తో భాగిస్తే 15.8 గంటలు. అరగంట కలిపితే 16 గంటల 20 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 950తో భాగిస్తే 14.15 గంటలు, అరగంట కలిపితే 14 గంటల 40 నిమిషాలు. ఒకే దారిలో వెళ్లడానికీ రావడానికీ మధ్య గంటా నలభై నిమిషాల తేడా ఉందన్నమాట. హైదరాబాద్ నుంచి లండన్‌కు ఇదే లెక్కలో పది గంటలు, తిరిగి రావడానికి తొమ్మిది గంటలు వస్తుంది. మూడు దారులకూ గాలిలో ఉండే మొత్తం సమయం కట్టి చూస్తే లండన్ మీదుగా 19 గంటల 50 నిమిషాలు, దుబాయ్ మీదుగా 20 గంటలు, దోహా మీదుగా 20 గంటల 10 నిమిషాలు తేలుతుంది.

టికెట్ మీద రాసే వ్యవధి దీనికన్నా కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. విమాన సంస్థలు లెక్కించేది చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి కాదు, విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగే వరకు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, వరుసలో వేచి ఉండడం, ఆలస్యాలకు ముందుగానే వదిలిన కొంత వెసులుబాటు అన్నీ అందులో ఉంటాయి. అనుమానముంటే విమానాల కదలికలను చూపే ఫ్లైట్‌రాడార్24 వంటి వెబ్‌సైట్‌లో ఆ విమానం నంబరు వెతికి గత వారం రోజుల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూడండి. ఏ సూత్రం కన్నా అది నమ్మదగిన సమాచారం.

గడియారం తేడాను సవరించడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. భారత కాలమానం అంతర్జాతీయ ప్రామాణిక కాలానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. డల్లాస్ చలికాలంలో ఆరు గంటలు, వేసవిలో ఐదు గంటలు వెనుక ఉంటుంది. మార్చి రెండవ ఆదివారం నాడు అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం నాడు గంట వెనక్కు జరుపుతారు. అందువల్ల మనకూ డల్లాస్‌కూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు. దుబాయ్ ఏడాది పొడవునా ప్రామాణిక కాలానికి నాలుగు గంటలు, దోహా మూడు గంటలు ముందు. లండన్‌లో కూడా గడియారం మారుతుంది, కానీ మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. లండన్‌లో మారే రోజూ అమెరికాలో మారే రోజూ ఒకటి కావు కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం లండన్‌కూ డల్లాస్‌కూ ఉండే తేడా మామూలుకన్నా గంట తగ్గుతుంది. ఆ రోజుల్లో ప్రయాణించేవారు పాత అంకెల మీద ఆధారపడకూడదు.

టికెట్ మీద ఉండే ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయమే. వ్యవధి తెలియాలంటే రెండింటినీ ఒకే ఊరి కాలంలోకి మార్చి తీసివేయాలి. ఉదాహరణకు వేసవిలో మీ విమానం హైదరాబాద్‌లో రాత్రి 9 గంటలకు బయలుదేరి, దుబాయ్‌లో రాత్రి 11.30కి దిగి, అక్కడి నుంచి తెల్లవారుజామున 2.30కి బయలుదేరి, ఉదయం 9.30కి డల్లాస్‌లో దిగుతుందనుకుందాం. చూడడానికి రాత్రి తొమ్మిది నుంచి మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర వరకు, పన్నెండున్నర గంటలు. దానికి పదిన్నర గంటల కాలమానపు తేడా కలిపితే అసలు ప్రయాణం 23 గంటలు. ముక్కలుగా చూసినా అంతే: దుబాయ్‌కి నాలుగు, అక్కడ ఆగడం మూడు, ఆపై పదహారు.

తిరుగు ప్రయాణంలో అదే తేడాను తీసివేయాలి, తేదీ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు డల్లాస్‌లో బయలుదేరినవారు పదిహేను గంటల తరువాత దుబాయ్‌లో మంగళవారం మధ్యాహ్నం 12 గంటలకు దిగుతారు. అక్కడ రాత్రి 10 గంటల దాకా ఆగి, మూడున్నర గంటల ప్రయాణం తరువాత హైదరాబాద్‌లో దిగేసరికి బుధవారం తెల్లవారుజామున 3 గంటలు. శంషాబాద్‌కు కారు పంపవలసినవారు ఇంటి నుంచి కదలవలసింది మంగళవారం రాత్రి. టికెట్ మీద బుధవారం అని చూసి ఆ రోజు రాత్రికి కారు మాట్లాడుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇంటివారికి సమాచారం ఇచ్చేటప్పుడు "మంగళవారం రాత్రి తెల్లవారితే బుధవారం, మూడు గంటలకు" అని విడమరిచి చెప్పండి.

రక్తపోటుకో, మధుమేహానికో రోజూ మందులు వాడే పెద్దలకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. గోడ గడియారం ప్రకారం రాత్రి మాత్ర, ఉదయం మాత్ర అనుకుంటే రెండు మోతాదుల మధ్య ఉండవలసిన విరామం గల్లంతవుతుంది. బయలుదేరినప్పటి నుంచి గడిచిన గంటలను ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని ప్రయాణానికి ముందే మీ డాక్టరుకు చూపించి, ఏ గంటకు ఏ మాత్ర వేసుకోవాలో రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవారు ఈ పనిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలిపెట్టకూడదు.

ఆగే సమయాన్ని ఎంచుకోవడం

గాలిలో ఉండే సమయం అన్ని దారుల్లోనూ ఇరవై గంటల దగ్గరే కాబట్టి మొత్తం ప్రయాణాన్ని ఇరవై రెండు గంటలు చేసేదీ, ముప్ఫై రెండు గంటలు చేసేదీ మధ్యలో ఆగడమే. గంటన్నర వ్యవధి ఉన్న టికెట్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే మాత్రం రెండవది అందకపోయే ప్రమాదం ఉంది. అమెరికా వెళ్లే విమానాలకు గేటు దగ్గర అదనపు తనిఖీ కూడా జరగవచ్చు. పెద్ద వయసువారికి, చక్రాల కుర్చీ సాయం కోరేవారికి మూడు నుంచి నాలుగు గంటలు సరైన వ్యవధి అని నేను అనుకుంటున్నాను. అంతకు మించితే అలసటే మిగులుతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనా రెండవ విమాన సంస్థకు బాధ్యత ఉండదు. లండన్ మీదుగా వెళ్లేవారు ట్రాన్సిట్ వీసా నిబంధనలను, టెర్మినల్ మారవలసి ఉంటుందా అన్నదానిని ముందే తెలుసుకోవాలి.

అమెరికాలో షికాగో, న్యూయార్క్ వంటి మరో ఊళ్లో దిగి డల్లాస్‌కు మారే టికెట్లు కూడా ఉంటాయి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ పూర్తిచేసి, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. కాబట్టి అక్కడ మూడు గంటలకు తక్కువ వ్యవధి పెట్టుకోకండి. ఇందుకు భిన్నమైన చోటు అబుదాబి. 2014 నుంచి అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ విమానం ఎక్కడానికి ముందే పూర్తవుతోంది. ఆ దారిలో వెళ్లేవారు అబుదాబిలో ఎక్కువ సమయం ఉంచుకోవాలి, అమెరికాలో దిగాక అంత సమయం మిగులుతుంది.

ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం వరకు

చివరగా అన్నింటినీ కూడండి. విజయవాడ నుంచి బయలుదేరే దంపతులను తీసుకుందాం. శంషాబాద్ చేరడానికి దారిలో ఆగడంతో కలిపి ఆరు గంటలు. అంతర్జాతీయ ప్రయాణానికి విమాన సమయానికన్నా మూడు గంటలు ముందు ఉండాలి. మనం లెక్కకట్టిన ప్రయాణం 23 గంటలు. డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాను కలిపి రెండు గంటలు. అక్కడి నుంచి ఫ్రిస్కోలోని ఇంటికి గంట. మొత్తం 35 గంటలు. ఇందులో విమానం గాలిలో ఉండేది ఇరవై గంటలే, తక్కిన పదిహేను గంటలూ నేల మీదే గడుస్తాయి. ఆ పదిహేనులో కొంతైనా మీ చేతిలో ఉంది. ముందురోజు హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో నిద్రపోయి బయలుదేరితే ఆరు గంటలు రెండు అవుతాయి. ఇది చిన్న విషయంలా కనిపించినా, అరవై దాటిన శరీరానికి ఎంతో మేలు చేస్తుంది.

విమాన సంస్థలు వేసవి, శీతాకాలపు సమయ పట్టికలను మార్చి, అక్టోబరు నెలల చివర మారుస్తాయి. నెలల ముందు కొన్న టికెట్‌లోని సమయాలు ఈ మధ్యలో మారి ఉండవచ్చు కాబట్టి ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు మరోసారి విమాన సంస్థ వెబ్‌సైట్‌లో సమయాలు చూసి, పైన చెప్పిన తీసివేతను మళ్లీ చేసుకోండి. ముఖ్యంగా మధ్యలో ఆగే వ్యవధి తగ్గిందేమో గమనించండి. రెండు గంటలలోపుకు పడిపోయి ఉంటే విమాన సంస్థకు ఫోన్ చేసి, తరువాతి విమానంలోకి మార్చమని అడగండి. మార్పు వారి వైపు నుంచి జరిగినప్పుడు సాధారణంగా అదనపు రుసుము లేకుండానే మారుస్తారు.

డల్లాస్‌లో మిమ్మల్ని తీసుకువెళ్లడానికి వచ్చే పిల్లలకు విమానం నంబరును, సమయాన్ని అక్కడి కాలమానంలోనే పంపండి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా టెర్మినల్ డి వద్దకు వస్తాయి. విమానం చక్రాలు నేలను తాకినట్టు ఫోన్‌లో కనిపించిన తరువాత, ఫ్రిస్కోలో ఉన్నవారు అరగంట ఆగి ఇంటి నుంచి కదిలినా, మీరు సామానుతో బయటికి వచ్చేసరికి అక్కడ ఉండగలరు.